కంపైల్ అయింది సరే, డేటా నిలుస్తుందా?

డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను ఎక్కువమంది వాడని ప్లాట్‌ఫారమ్ మీదికి తీసుకెళ్లేటప్పుడు అందరూ బిల్డ్ ఎర్రర్లకే భయపడతారు. నిజానికి అవే నయం. ఫలానా ఫైల్లో ఫలానా లైన్ దగ్గర ఆగానని కంపైలరే చెబుతుంది, సరిచేసుకుని ముందుకు పోవచ్చు. ఏ ఎర్రరూ లేకుండా బిల్డ్ అయి, టెస్టులన్నీ దాటి, కొన్ని నెలల తర్వాత టేబుల్‌లో నిజంగా ఉన్న వరుసే (రో) లేదని ఒక ఇండెక్స్ చెప్పినప్పుడు మొదలవుతుంది అసలు చిక్కు. వెబ్ సర్వర్‌లో తప్పు దొర్లితే రీస్టార్ట్ చేసి ఊరుకోవచ్చు. డేటాబేస్‌లో దొర్లిన తప్పు డిస్క్ మీదికి ఎక్కి కూర్చుంటుంది. తర్వాత కోడ్ సరిచేసినా అప్పటికే రాసేసిన పేజీలు వాటంతట అవి బాగుపడవు.

ఆదరణ తక్కువున్న ప్లాట్‌ఫారమ్ అంటే మ్యూజియం సరుకే అనుకోనక్కర్లేదు. రిస్క్-ఫైవ్ బోర్డు, ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ మీద నడిచే లినక్స్, ఓపెన్‌బీఎస్‌డీ, మస్ల్ సీ లైబ్రరీ వాడే ఆల్పైన్ లినక్స్, 64 కేబీ మెమరీ పేజీలతో బిల్డ్ చేసిన ఆర్మ్ కెర్నల్, ఇవన్నీ ఏదో ఒక రకంగా ఆ కోవలోకే వస్తాయి. డేటాబేస్ కోడ్ చాలావరకు ఎక్స్86-64 ప్రాసెసర్, గ్లిబ్‌సీ అనే సీ లైబ్రరీ ఉన్న లినక్స్ మీదే పుట్టి పెరిగింది. ఆ జంట ఎన్నో తప్పుల్ని చూసీ చూడనట్టు వదిలేస్తుంది కాబట్టి, అవి తప్పులన్న సంగతి రాసినవాళ్లకీ తెలియదు.

బిల్డ్ దగ్గర ఆగేవి

ముందుగా ఎదురయ్యేది చిన్నదే. పాత సోర్స్‌లో ఉండే కాన్ఫిగ్.గెస్, కాన్ఫిగ్.సబ్ ఫైళ్లకు కొత్త ఆర్కిటెక్చర్ పేరు తెలియదు. కాన్ఫిగర్ స్క్రిప్ట్ మొదటి సెకన్లలోనే చేతులెత్తేస్తుంది. గ్నూ కాన్ఫిగ్ ప్రాజెక్టు నుంచి ఆ రెండు ఫైళ్లూ కొత్తవి తెచ్చి పెడితే తీరిపోతుంది. డేటాబేస్ తనతోపాటు మోసుకొచ్చే ఇతర లైబ్రరీల ఫోల్డర్లలోనూ వీటి పాత ప్రతులు ఉంటాయి. పైనున్నవి మార్చి లోపలివి మరిచిపోవడం మామూలు.

క్రాస్ కంపైల్ చేస్తే, అంటే ఒక రకం మెషీన్‌లో వేరే రకం మెషీన్ కోసం బిల్డ్ చేస్తే, ఇంకో రకం తంటా. చిన్న ప్రోగ్రామ్‌ను కంపైల్ చేసి, నడిపి, వచ్చిన ఫలితాన్ని బట్టి నిర్ణయం తీసుకునే పరీక్షలు కాన్ఫిగర్‌లో కొన్ని ఉంటాయి. వేరే ఆర్కిటెక్చర్ బైనరీ బిల్డ్ మెషీన్‌లో నడవదు కాబట్టి స్క్రిప్ట్ ఊహించి ఒక జవాబు రాసుకుంటుంది. ఆ ఊహలు కాన్ఫిగ్.లాగ్‌లో ఉంటాయి, ఒక్కొక్కటీ చదివి తీరాలి. బిల్డ్ మధ్యలో తయారై అక్కడికక్కడే నడవాల్సిన టూల్స్‌తోనూ ఇదే గొడవ. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టైమ్‌జోన్ ఫైళ్లు తయారుచేసే జిక్ అలాంటిదే. బిల్డ్ మెషీన్‌లో ఉన్న జిక్‌ను మేక్‌కు చూపించాలి, లేదా సిస్టమ్ టైమ్‌జోన్ డేటాను వాడుకునే ఆప్షన్ ఇవ్వాలి.

చిన్న బోర్డుల మీద నేరుగా బిల్డ్ చేస్తే మెమరీ చాలదు. మైఎస్‌క్యూఎల్, రాక్స్‌డీబీ లాంటి డేటాబేస్‌ల సీ++ కోడ్‌కు ఒక్కో కంపైలర్ ప్రాసెస్ ఒక జీబీ పైన తినేయడం వింతేమీ కాదు. నాలుగు కోర్లున్నాయని నాలుగు జాబ్‌లు పెడితే కెర్నల్ మధ్యలో కంపైలర్‌ను చంపేస్తుంది. తెర మీద కనిపించేది మాత్రం కంపైలర్ అంతర్గత లోపం అన్నట్టుండే సందేశం. కెర్నల్ సందేశాలు చూపే డీమెసెగ్ చూడకుండా కంపైలర్ మీద బగ్ వేసేవాళ్లు తక్కువేం కాదు. జాబ్‌లు తగ్గించి, డీబగ్ సమాచారం స్థాయి తగ్గిస్తే చాలా సందర్భాల్లో గట్టెక్కుతుంది.

లింకర్ దగ్గరి ఎర్రర్ మాత్రం ఆగి ఆలోచించాల్సినది. 32 బిట్ మిప్స్ లాంటి చోట్ల 64 బిట్ అటామిక్ ఇన్‌స్ట్రక్షన్లు (మధ్యలో ఇంకెవరూ దూరకుండా ఒకేసారి పూర్తయ్యేవి) లేవు. కంపైలర్ వాటి బదులు ఒక ఫంక్షన్ కాల్ పెడుతుంది, లింకర్ అది దొరకలేదంటుంది. లిబ్‌అటామిక్‌ను లింక్‌లో కలపండి అన్న సలహా ఎక్కడ వెతికినా దొరుకుతుంది, కలిపితే ఎర్రర్ పోతుంది కూడా. హార్డ్‌వేర్ సాయం లేనప్పుడు లిబ్‌అటామిక్ లోపల చేసేది మామూలు లాక్ తీసుకోవడమే. ఆ లాక్ ఉండేది ఆ ప్రాసెస్ సొంత మెమరీలో. మైఎస్‌క్యూఎల్ లాగా ఒకే ప్రాసెస్‌లో థ్రెడ్లతో నడిచేదానికి ఇబ్బంది లేదు. షేర్డ్ మెమరీని పంచుకుంటూ అనేక ప్రాసెస్‌లుగా నడిచే డేటాబేస్‌లో ప్రతి ప్రాసెస్‌కూ లాక్ విడివిడిగా ఉంటుంది, అంటే లాక్ లేనట్టే. పోస్ట్‌గ్రెస్ ఇలాంటి చోట్ల షేర్డ్ మెమరీలో ఉండే తన స్పిన్‌లాక్‌లతోనే 64 బిట్ అటామిక్‌లను నడిపించుకోవడానికి కారణం ఇదే. లింకర్ నోరు మూయించడం వేరు, సమస్య తీర్చడం వేరు.

బిల్డ్ అయిన బైనరీ మొదటి అడుగులోనే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని కూలిపోవడం ఇంకొకటి. బిల్డ్ చేసిన మెషీన్‌లోని ప్రాసెసర్‌కే సరిపోయేలా కోడ్ తయారు చేయమని కొన్ని ప్రాజెక్టుల మేక్‌ఫైళ్లు అడక్కుండానే చెప్పేస్తాయి. రాక్స్‌డీబీకి పోర్టబుల్ అన్న ఆప్షన్ విడిగా ఉన్నది అందుకే. కొన్నిసార్లు అది ప్రాజెక్టు తెలిసి తీసుకున్న నిర్ణయం. మాంగోడీబీ 5.0 నుంచి ఎక్స్86 మీద ఏవీఎక్స్ ఇన్‌స్ట్రక్షన్లు, 64 బిట్ ఆర్మ్ మీద ఆర్మ్ వీ8.2 కావాలి. రాస్ప్‌బెర్రీ పై 4లోని కార్టెక్స్-ఏ72 వీ8.0 తరానిది కాబట్టి అధికారిక బైనరీ అక్కడ నడవదు.

నోరెత్తని తప్పులు

సీ భాషలో ఉత్త చార్ టైప్‌కు గుర్తు (ప్లస్, మైనస్) ఉంటుందా ఉండదా అన్నది ప్లాట్‌ఫారమ్ ఇష్టం. లినక్స్‌లో ఎక్స్86 మీద ఉంటుంది, ఆర్మ్, పవర్, మెయిన్‌ఫ్రేమ్, రిస్క్-ఫైవ్ మీద ఉండదు. 0xఈ0 అన్న బైట్ ఒకచోట మైనస్ 32, ఇంకోచోట 224. పోల్చి చూసే ఫంక్షన్‌లో ఇది దూరితే వరుస క్రమమే మారిపోతుంది. పోస్ట్‌గ్రెస్‌లోని పీజీ_ట్రిగ్రామ్ ఎక్స్‌టెన్షన్‌లో అచ్చంగా ఇదే జరిగింది. మూడక్షరాల ముక్కలను జిన్ అనే రకం ఇండెక్స్‌లో పేర్చే క్రమం చార్ గుర్తు మీద ఆధారపడింది. ఎక్స్86 మెషీన్ నుంచి ఆర్మ్ మెషీన్‌కు ఫిజికల్ రెప్లికేషన్ (డిస్క్ పేజీలను ఉన్నదున్నట్టు కాపీ చేయడం) పెడితే అది ఏ అభ్యంతరమూ లేకుండా మొదలవుతుంది. రెండూ 64 బిట్, రెండూ లిటిల్ ఎండియన్ (చిన్న స్థానపు బైట్‌ను ముందు రాసేవి), మెషీన్ వివరాలు ఉండే కంట్రోల్ ఫైల్ తనిఖీలన్నీ దాటిపోతాయి. ఆర్మ్ వైపు వెతికితే మాత్రం ఇండెక్స్‌లో ఉన్న ముక్క దొరక్కపోవచ్చు. ఆస్కీ అక్షరాలే ఉన్న డేటాలో ఈ తేడా బయటపడదు, తెలుగు లాంటి లిపుల్లో రాసిన డేటా వచ్చినప్పుడే బయటపడుతుంది. టెస్ట్ డేటా అంతా ఇంగ్లిష్‌లో ఉంటే ఇక చెప్పేదేముంది! 18వ వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్ ఈ గుర్తు సంగతిని కంట్రోల్ ఫైల్లోనే రాసుకుంటోంది. అంతకు ముందు వెర్షన్లలో ఆర్కిటెక్చర్ మారిస్తే ఆ ఇండెక్స్‌లను రీఇండెక్స్ చేయడమో, లాజికల్ పద్ధతిలో (పేజీలుగా కాక వరుసలుగా) డేటా తరలించడమో చేయాలి.

మెమరీ క్రమం దీనికన్నా మొండిది. ఒక ప్రాసెస్ క్యూలోని గడిలో సమాచారం రాసి, తర్వాత సిద్ధం అన్న ఫ్లాగ్‌ను 1 చేస్తుంది. ఇంకో ప్రాసెస్ ఫ్లాగ్ 1 అయిందని చూసి గడిని చదువుతుంది. ఎక్స్86లో ఒక కోర్ చేసిన రాతలు మిగతా కోర్లకు అదే క్రమంలో కనిపిస్తాయి. ఆర్మ్, పవర్‌లలో అలాంటి హామీ లేదు. ఫ్లాగ్ ముందు కనిపించి, గడిలో పాత సమాచారమే ఉండొచ్చు. రాసేవైపు రెండు రాతల మధ్య క్రమం తప్పనివ్వని రైట్ బ్యారియర్, చదివేవైపు రెండు చదువుల మధ్య రీడ్ బ్యారియర్ ఉండాలి. ఒక వైపు పెట్టి రెండో వైపు వదిలేస్తే రెండూ లేనట్టే. వేరియబుల్ ముందు వోలటైల్ అని రాస్తే సరిపోతుందన్న నమ్మకం పాత కోడ్‌లో విరివిగా కనిపిస్తుంది. అది కంపైలర్‌ను ఆపుతుంది గాని ప్రాసెసర్‌ను ఆపదు. ఇలాంటి బగ్ రెండు కోర్ల బోర్డు మీద వారాల తరబడి కనిపించకుండా, 64 కోర్ల సర్వర్ మీద లోడ్ పెరిగిన రాత్రి ఒక్కసారి బయటపడుతుంది. డీబగర్ తగిలిస్తే వేగం తగ్గి మాయమవుతుంది. కోడ్ కూర్చుని చదవడమే దీనికి నమ్మదగిన మందు. లాక్ లేకుండా పంచుకునే ప్రతి వేరియబుల్‌నూ జాబితా వేసి, ఎవరు రాస్తున్నారు, ఎవరు చదువుతున్నారు, మధ్యలో ఏ బ్యారియర్ ఉంది అని చూసుకుంటూ పోవాలి.

అలైన్‌మెంట్ (విలువ ఉండాల్సిన చిరునామా లెక్క) తప్పులు కొన్నిచోట్ల గట్టిగానే అరుస్తాయి. పేజీ బఫర్‌లో 8తో భాగింపబడని చిరునామా నుంచి 64 బిట్ విలువను నేరుగా చదివితే స్పార్క్ ప్రాసెసర్ సిగ్‌బస్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. పాత ఆర్మ్ వీ5 తరం చిప్‌లు అంతకన్నా ఘోరం, ఆగకుండా బైట్లు తిరగేసిన విలువను చేతిలో పెట్టేవి. మెమ్‌కాపీతో స్థానిక వేరియబుల్‌లోకి తెచ్చుకుని వాడితే సరిపోతుంది, నేటి కంపైలర్లు దాన్ని ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌గా కుదిస్తాయి కాబట్టి వేగం పోతుందన్న బెంగ అక్కర్లేదు. వీటిని పట్టడానికి ఆ హార్డ్‌వేరే అక్కర్లేదు కూడా. ఎక్స్86 మీదే అలైన్‌మెంట్ శానిటైజర్‌తో బిల్డ్ చేసి టెస్టులు నడిపితే చాలావరకు బయటపడతాయి.

ఐబీఎం వారి యూనిక్స్ అయిన ఏఐఎక్స్‌లో ఈ విషయానికి ఇంకో మెలిక ఉంది. అక్కడ స్ట్రక్ట్ లోపల డబుల్‌కు 4 బైట్ల అలైన్‌మెంట్, 64 బిట్ పూర్ణాంకానికి 8. రెండూ ఒకటేనని నమ్మి రాసిన పోస్ట్‌గ్రెస్‌లో, 15వ వెర్షన్ తయారవుతున్నప్పుడు ఒక సిస్టమ్ క్యాటలాగ్‌లో (డేటాబేస్ తన గురించి తాను రాసుకునే టేబుల్) కొత్త కాలమ్ చేరేసరికి డిస్క్ మీది వరుసకూ సీ స్ట్రక్ట్‌కూ మధ్య లెక్క తప్పింది. కాలమ్‌ల వరుస మార్చి సర్దుకున్నారు. ఒక్క ప్లాట్‌ఫారమ్ కోసం క్యాటలాగ్ రూపురేఖలే మార్చాల్సి రావడం చూస్తే, అలాంటి పోర్ట్‌ను మోయడం మిగతావాళ్లకు ఎందుకు విసుగో అర్థమవుతుంది.

దశాంశ లెక్కల్లో చివరి అంకె తేడా రావడం ప్రమాదకరం కాదు గాని టైమ్ తింటుంది. ఒక గుణకారం, ఒక కూడిక కలిపి ఒకేసారి చేసే ఇన్‌స్ట్రక్షన్ 64 బిట్ ఆర్మ్, పవర్, మెయిన్‌ఫ్రేమ్‌లలో ఉంది. జీసీసీ అడక్కుండానే దాన్ని వాడేస్తుంది. మధ్యలో రౌండింగ్ ఒకసారి తగ్గుతుంది కాబట్టి జ్యామితి టెస్టుల్లో చివరి అంకెలు మారతాయి. తేడా వచ్చిన ప్రతిచోటా కొత్త ఫలితాన్నే సరైన ఫలితంగా పేస్ట్ చేసేయడం తేలిక, ఆ అలవాటే కొంప ముంచుతుంది. ఆ కలపడాన్ని ఆపే కంపైలర్ ఆప్షన్‌తో ఒకసారి బిల్డ్ చేసి, తేడాలు పోయాయో లేదో చూడాలి. పోకుండా మిగిలినవి రౌండింగ్ తేడాలు కావు.

కెర్నల్, సీ లైబ్రరీ

ఓపెన్‌బీఎస్‌డీలో పోస్ట్‌గ్రెస్ కనెక్షన్ల సంఖ్య పెంచి స్టార్ట్ చేస్తే వచ్చే సందేశం: నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్. డీఎఫ్ చూస్తే డిస్క్‌లో సగం ఖాళీ. అయిపోయింది డిస్క్ కాదు, ప్రాసెస్‌లు ఒకదాని కోసం ఒకటి ఆగడానికి వాడే సిస్టమ్-ఫైవ్ సెమాఫోర్‌లు. వాటి కోటా నిండినా కెర్నల్ ఇచ్చే ఎర్రర్ కోడ్ అదే. ఇది డిస్క్ సమస్య కాదని పోస్ట్‌గ్రెస్ తన సూచనలో విడిగా రాయాల్సి వచ్చిందంటే ఎంతమంది మోసపోయి ఉంటారో ఊహించుకోవచ్చు. కెర్నల్ సెట్టింగ్‌లు మార్చే సిస్‌సీటీఎల్‌లో సెమాఫోర్ సెట్ల సంఖ్య, మొత్తం సెమాఫోర్‌ల సంఖ్య రెండూ పెంచాలి. ఒకటి పెంచితే రెండోది అడ్డుపడుతుంది.

కెర్నల్ మెమరీ పేజీ సైజ్ 4 కేబీ అన్న నమ్మకం లైబ్రరీల లోపల దాక్కుని ఉంటుంది. రెడిస్ డేటాబేస్ వాడే జెమాలాక్ అనే మెమరీ లైబ్రరీ బిల్డ్ సమయంలోనే పేజీ సైజ్‌ను ఖాయం చేసుకుంటుంది. 4 కేబీ మెషీన్‌లో బిల్డ్ చేసిన ప్యాకేజీని రాస్ప్‌బెర్రీ పై 5 మీది 16 కేబీ కెర్నల్‌లో పెడితే, పేజీ సైజ్ కుదరదని చెప్పి లేవకుండానే పడిపోతుంది. పెద్ద పేజీకి బిల్డ్ చేసినది చిన్న పేజీల మీదా నడుస్తుంది కాబట్టి, పంచిపెట్టే ప్యాకేజీని 64 కేబీకి బిల్డ్ చేయడమే క్షేమం. 64 కేబీ ఆర్మ్ కెర్నల్‌లో ఇంకో సంగతి: అక్కడ మామూలు హ్యూజ్ పేజీ 2 ఎంబీ కాదు, 512 ఎంబీ. ఎక్స్86 మీద రాసుకున్న సెట్టింగ్ స్క్రిప్ట్ 1,000 హ్యూజ్ పేజీలు కావాలని అడిగితే, అది 2 జీబీ బదులు 500 జీబీ అడిగినట్టు.

మస్ల్‌లో థ్రెడ్ స్టాక్ సాధారణంగా 128 కేబీయే, గ్లిబ్‌సీ లినక్స్‌లో 8 ఎంబీ ఇవ్వడం పరిపాటి. లోతుగా రికర్షన్ చేసే క్వెరీ పార్సర్ ఉంటే స్టాక్ సైజ్‌ను థ్రెడ్ సృష్టించేటప్పుడే అడిగి తీసుకోవాలి. అక్షర క్రమం సంగతి మరీ మోసం. మస్ల్‌లో భాషను బట్టి క్రమం మార్చే పోలిక లేదు, బైట్ల వరుసే. గ్లిబ్‌సీ మీద తయారైన డేటా డైరెక్టరీని అలాగే ఆల్పైన్ కంటైనర్‌కు తగిలిస్తే, టెక్స్ట్ కాలమ్‌ల మీది బీ-ట్రీ ఇండెక్స్‌లు ఒక క్రమంలో పేర్చి ఇంకో క్రమంలో వెతికినట్టవుతాయి. గ్లిబ్‌సీ తనలో తాను 2018లో 2.28కి మారినప్పుడే ఈ దెబ్బ చాలామందికి తగిలింది. డైరెక్టరీ తరలించక తప్పకపోతే పోస్ట్‌గ్రెస్‌లోని యామ్‌చెక్‌తో ఇండెక్స్‌లు తనిఖీ చేసి, టెక్స్ట్ మీదున్నవన్నీ రీఇండెక్స్ చేయాలి.

ఇక ఎఫ్‌సింక్, అంటే రాసినదాన్ని డిస్క్ మీదికి చేర్చమని కెర్నల్‌ను అడిగే కాల్. పేరు ఒకటే, చేసే పని చోటును బట్టి మారుతుంది. మ్యాక్‌లో మామూలు ఎఫ్‌సింక్ డేటాను డ్రైవ్ దాకా పంపుతుంది గాని డ్రైవ్ తన క్యాష్ ఖాళీ చేసేదాకా ఆగదు, దానికి ఫుల్‌ఎఫ్‌సింక్ అని వేరే కాల్ ఉంది. ఎఫ్‌సింక్ ఫెయిల్ అయితే ఏమవుతుందన్నదీ ఒక్కో కెర్నల్‌లో ఒక్కో తీరు. ఫ్రీబీఎస్‌డీ ఆ పేజీలను ఇంకా రాయాల్సినవిగానే ఉంచుతుంది. లినక్స్‌లో అవి రాసేసినవిగా గుర్తుపడిపోవచ్చు, రెండోసారి ఎఫ్‌సింక్ పిలిస్తే విజయం అంటుంది. 2018లో ఇది బయటపడ్డాక పోస్ట్‌గ్రెస్ మళ్లీ ప్రయత్నించడం మానేసి, సర్వర్‌ను కూల్చి డబ్ల్యూఏఎల్ (మార్పులను ముందుగా రాసుకునే లాగ్) నుంచి కోలుకునే దారి పట్టింది. కొత్త ప్లాట్‌ఫారమ్ మీద ఈ ప్రశ్నకు జవాబు మాన్యువల్ పేజీలో దొరకదు, కెర్నల్ సోర్స్ చదవాల్సిందే.

డేటాను దాటించడం

బిగ్ ఎండియన్ (పెద్ద స్థానపు బైట్‌ను ముందు రాసే) మెషీన్‌కు వెళ్తున్నప్పుడు ముందు తెలుసుకోవాల్సింది డిస్క్ ఫార్మాట్ ఎవరి బైట్ క్రమంలో ఉందన్నది. ఎస్‌క్యూలైట్ ఫైల్ ఎక్కడైనా బిగ్ ఎండియనే, కాపీ చేసి తెరవొచ్చు. మైఎస్‌క్యూఎల్ వాడే ఇన్నోడీబీ కూడా పేజీల్లో బిగ్ ఎండియన్‌గానే రాస్తుంది. పోస్ట్‌గ్రెస్ మాత్రం మెషీన్ క్రమాన్నే వాడుతుంది, ఫైళ్లు కాపీ చేస్తే స్టార్ట్ కాదు, డంప్ తీసి రీస్టోర్ చేయాలి. అక్కడా ఒక గుంట ఉంది. దాని హ్యాష్ ఫంక్షన్లు ఎండియన్‌ను బట్టి వేర్వేరు విలువలు ఇస్తాయి. హ్యాష్ పార్టిషన్ ఉన్న టేబుల్‌ను పార్టిషన్ల వారీగా రీస్టోర్ చేస్తే, వరుసలు ఇప్పుడు ఉండాల్సిన పార్టిషన్ వేరని ఎర్రర్లు వస్తాయి. రూట్ టేబుల్ ద్వారా లోడ్ చేసే ఆప్షన్‌ను డంప్ తీసేటప్పుడే ఇవ్వాలి.

పరీక్ష, పోషణ

క్యూఎము ఎమ్యులేటర్‌లో టెస్టులు దాటాయంటే బైట్ క్రమం, అలైన్‌మెంట్, కాన్ఫిగర్ లెక్కలు సరిపోయాయని అనుకోవచ్చు. మెమరీ క్రమం బగ్‌లకు మాత్రం అది సాక్ష్యం కాదు. కింద నడుస్తున్నది ఎక్స్86 అయితే దాని పద్ధతే పైదానికీ అంటుతుంది. నిజమైన హార్డ్‌వేర్ కావాలి, అదీ ఎక్కువ కోర్లున్నది. ఓపెన్ సోర్స్ పనికి జీసీసీ కంపైల్ ఫార్మ్ పవర్, స్పార్క్ లాంటి మెషీన్లలో ఖాతాలు ఉచితంగా ఇస్తుంది.

క్రాష్ పరీక్షను సగం చేసి వదిలేయడం సర్వసాధారణం. సర్వర్ ప్రాసెస్‌ను కిల్ మైనస్ 9తో చంపి, లేపి, డేటా ఉందని చూసుకుంటే డబ్ల్యూఏఎల్ రికవరీ పనిచేస్తోందని మాత్రమే తేలుతుంది. కెర్నల్ క్యాష్ బతికే ఉంది కాబట్టి ఎఫ్‌సింక్ అసలు పనిచేయకపోయినా ఈ పరీక్ష దాటిపోతుంది. రాతలు జోరుగా సాగుతుండగా కరెంటు తీగ లాగాలి. కమిట్ అయిందని క్లయింట్‌కు చెప్పిన ప్రతి ట్రాన్సాక్షన్ నంబరూ వేరే మెషీన్‌లో రాసుకుని, లేచాక ఒక్కొక్కటీ పోల్చాలి. పేజీ చెక్‌సమ్‌లు ఆన్ చేసి ఉంచాలి.

ఇదంతా అయ్యాక కూడా పోర్ట్ ఒకసారి చేసి వదిలే పని కాదు. పోస్ట్‌గ్రెస్ 9.5లో ఆల్ఫా ప్రాసెసర్‌ను, 16లో హెచ్‌పీ-యూఎక్స్‌ను, 17లో ఏఐఎక్స్‌ను తీసేసింది. ఆ ప్రాజెక్టులో బిల్డ్‌ఫార్మ్ అని ఒక ఏర్పాటు ఉంది, వలంటీర్లు తమ మెషీన్లలో తాజా కోడ్‌ను నిత్యం బిల్డ్ చేసి ఫలితాలు పంపుతుంటారు. అక్కడ ఒక ప్లాట్‌ఫారమ్ తరఫున మెషీన్ లేకపోతే, ఉన్నా ఎర్ర గుర్తు పడినప్పుడు పట్టించుకునే మనిషి లేకపోతే, తీసేద్దామన్న మాట వచ్చి తీరుతుంది. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ అయితే భద్రమనుకుంటే అదీ కాదు. హెచ్‌పీ సర్వర్లలో ఉండే ఇటానియం ప్రాసెసర్ కోసం కొత్త వెర్షన్లు చేయబోమని ఒరాకిల్ 2011లో ప్రకటిస్తే హెచ్‌పీ కోర్టుకెళ్లి గెలిచింది. అయినా ఆ ప్రాసెసర్ సరఫరాను ఇంటెల్ 2021లో ఆపేసింది.

ప్యాచ్‌లను తమ దగ్గరే దాచుకుంటే ప్రతి కొత్త వెర్షన్‌కూ అదే చాకిరీ మళ్లీ చేయాలి. అసలు ప్రాజెక్టుకు పంపేటప్పుడు ఫలానా ఆర్కిటెక్చర్ అయితే ఇలా అని షరతులు గుచ్చిన ప్యాచ్ కన్నా, మెమ్‌కాపీ వాడకం, పేజీ సైజ్‌ను నడిచేటప్పుడు అడిగి తెలుసుకోవడం లాంటి అన్ని చోట్లా చెల్లే మార్పులు తేలిగ్గా ఆమోదం పొందుతాయి. వాటిని ముందు, చిన్న చిన్న ముక్కలుగా పంపాలి. ఆర్కిటెక్చర్‌కే ప్రత్యేకమైనది చివరికి నూరు లైన్లు మిగిలితే దాని మీద చర్చ కూడా చిన్నదే.

మెషీన్, మనిషి రెండూ సమకూర్చలేని చోట సర్వర్ జోలికి పోకుండా క్లయింట్ లైబ్రరీని మాత్రమే పోర్ట్ చేయడం మంచిది. పోస్ట్‌గ్రెస్ క్లయింట్ లైబ్రరీ లిబ్‌పీక్యూ లాంటి వాటిలో షేర్డ్ మెమరీ లేదు, ఎఫ్‌సింక్ లేదు, డిస్క్ ఫార్మాట్ లేదు. జాగ్రత్తగా చూడాల్సింది బైనరీ ఫార్మాట్‌లో వచ్చే ఫలితాలనే. అవి నెట్‌వర్క్ బైట్ క్రమంలో, అంటే బిగ్ ఎండియన్‌గా, వస్తాయి. లిటిల్ ఎండియన్ మీద పుట్టిన అప్లికేషన్లలో వాటిని గుడ్డిగా తిరగేసే కోడ్ ఉంటుంది, బిగ్ ఎండియన్ మీద అదే కోడ్ సరైన విలువను పాడుచేస్తుంది.